సీలు తీసిన ఫోను కొత్తదా, పాతదా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరంలో చిన్న మొబైల్ షాపు. కౌంటరు వ్యాపారం తగ్గడంతో ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతున్నాం. మా దగ్గర నాలుగు రకాల సరుకు ఉంటుంది. సీలు తీయని పాత స్టాకు, కస్టమరు బాక్సు తెరిచి ఒకటి రెండు రోజుల్లో వెనక్కి ఇచ్చినవి, ఎక్స్ఛేంజిలో వచ్చినవి, మేమే డిస్‌ప్లే, బ్యాటరీ మార్చి బాగుచేసినవి. లిస్టింగ్ పెట్టేటప్పుడు కండిషన్ దగ్గర ఏది నొక్కాలో ప్రతిసారీ గందరగోళమే. పోయిన నెల ఒక ఫోను బాక్సు తెరిచారే గానీ వాడలేదు కదా అని 'న్యూ' పెట్టాను. కొన్నాయన సీలు లేదని రిటర్న్ పెట్టాడు. డబ్బు వెనక్కి పోయింది, సైటు నుంచి వార్నింగ్ కూడా వచ్చింది. గొడవ లేకుండా అన్నీ 'యూజ్డ్' పెట్టేయమంటాడు మా బావమరిది. అలా పెడితే రేటు రాదు, 'లైక్ న్యూ' పెట్టు నాన్నా అంటాడు మా అబ్బాయి. ఇంతకు ముందు ఇలాంటివే ఇంకో రెండు ఫోన్లు 'న్యూ' అని అమ్మాను. వాళ్లు ఏమీ అనలేదు. అకౌంటు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
(పేరు వేయవద్దని కోరిన పాఠకుడు)

సమాధానం: సరుకును మీరే నాలుగు రకాలుగా విడదీసి రాశారు. అది చాలా మంచి పని. ఇప్పుడు చేయాల్సిందల్లా ఆ నాలుగింటికీ సైటులో సరైన గడి చూసుకోవడమే. మీ బావమరిది మాట విని అన్నీ ఒక గడిలో వేసినా, మీ అబ్బాయి మాట విని అన్నీ ఇంకో గడిలో వేసినా, మీకు తెలిసిన తేడాను కొనేవాళ్ల దగ్గర దాచినట్టే అవుతుంది.

మామూలుగా ఏం జరుగుతుందంటే, ఫోను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తాం. మెరుస్తుంటే 'న్యూ' అనుకుంటాం, కాస్త మాసి ఉంటే 'యూజ్డ్' అనుకుంటాం. కానీ కండిషన్ గడిలో సైటు అడిగేది దాని చరిత్ర. ఫ్యాక్టరీలో సీలు వేశాక దాన్ని ఎవరైనా తెరిచారా? ఆన్ చేశారా? వాడారా? విప్పి పార్టులు మార్చారా? ఫోను ఏ మెట్టు మీద ఉందో తేల్చేవి ఈ ప్రశ్నలే. గీతలు, సొట్టలు ఆ తర్వాతి లెక్క. ముందు చరిత్ర, తర్వాత రూపం అన్న ఈ వరస తలకిందులైతే మీకు వచ్చినలాంటి రిటర్నులు తప్పవు.

సీలు తీయని పాత స్టాకు సంగతి తేలిక. రెండేళ్ల కిందటి మోడలైనా సరే, ఫ్యాక్టరీ సీలు చెక్కుచెదరకుండా ఉంటే అది 'న్యూ'నే. మోడలు పాతబడినంత మాత్రాన వస్తువు పాతదైపోదు. బాక్సు మీద తయారీ నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి కదా, అవి చదవగలిగేలా ఒక ఫొటో పెట్టండి. ఏళ్ల తరబడి అరలో ఉన్న ఫోనుకు బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉండొచ్చు, మొదటి చార్జింగ్ ఆలస్యం కావచ్చు. ఆ ముక్క ఒకటి రాయండి. వారంటీ బిల్లు తేదీ నుంచి లెక్కిస్తారా, యాక్టివేట్ చేసిన రోజు నుంచా అన్నది కంపెనీని బట్టి ఉంటుంది కాబట్టి సర్వీస్ సెంటరులో అడిగి తెలుసుకుని రాయండి. ఇవి రాస్తే పాత స్టాకు విషయంలో మీకు ఇబ్బంది రాదు.

మిమ్మల్ని ఇరకాటంలో పెట్టింది రెండో రకం. వాడలేదన్న మీ మాట నేను నమ్ముతాను. అయినా అది 'న్యూ' కాదు. 'న్యూ' అని చూసి డబ్బు కట్టే మనిషి, తనకంటే ముందు ఆ బాక్సు ఎవరూ తెరవలేదన్న నమ్మకానికి కూడా కలిపి కడతాడు. పైగా ఫోను ఒక్కసారి ఆన్ చేసి ఇంటర్నెట్‌కు కలిపితే చాలు, చాలా కంపెనీల దగ్గర యాక్టివేషన్ తేదీ నమోదైపోతుంది. యాపిల్ ఫోనయితే సీరియల్ నంబరు కంపెనీ వెబ్‌సైటులో కొట్టి, కవరేజి ఎప్పటిదాకా ఉందో ఎవరైనా చూసుకోవచ్చు. ఏడాది వారంటీలో కొన్ని వారాలు తన చేతికి రాకముందే కరిగిపోయాయని కొన్నాయనకు తెలిస్తే, మనం ఎంత సర్దిచెప్పినా ఆయనకు మోసంలాగే కనిపిస్తుంది. ఆయన్ని తప్పుపట్టలేం.

ఇలాంటి ఫోన్ల కోసమే కొన్ని సైట్లలో 'ఓపెన్ బాక్స్' అని వేరే మెట్టు ఉంటుంది. ఈబేలో దీని అర్థం ఇది: వస్తువు కొత్తదిలాగే ఉండాలి, వాడిన గుర్తులు ఉండకూడదు, దానితో వచ్చిన సామాను అంతా ఉండాలి, బాక్సు లేకపోయినా, ఉన్నా సీలు లేకపోయినా ఫర్వాలేదు. (ఈబే ఇండియా సైటు 2018లో మూతపడింది గానీ, ఇక్కడి నుంచి విదేశాలకు అమ్మేవాళ్లు ఈబేను ఇప్పటికీ వాడుతున్నారు.) మీరు అమ్మే సైటులో ఈ మెట్టు ఉంటే నిస్సంకోచంగా అదే ఎంచుకోండి. అన్ని సైట్లలోనూ ఉండదు. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేసులో 'న్యూ', దాని తర్వాత 'యూజ్డ్' కింద 'లైక్ న్యూ', 'గుడ్', 'ఫెయిర్' మాత్రమే ఉంటాయి. అలాంటి చోట మీ అబ్బాయి చెప్పిందే సరైనది. 'లైక్ న్యూ' పెట్టి, వివరణలో మొట్టమొదటి వాక్యంగా 'బాక్సు తెరిచారు, వాడలేదు' అని రాసేయండి.

ఇక్కడ చాలామంది పొరబడే మాట ఒకటుంది. ఈమధ్య కొన్ని పెద్ద సైట్లు ఖరీదైన వస్తువులకు ఓపెన్ బాక్స్ డెలివరీ ఇస్తున్నాయి. డెలివరీ అబ్బాయి గుమ్మంలోనే బాక్సు తెరిచి చూపించి, సరిగా ఉందని కస్టమరు ఒప్పుకున్నాకే ఇచ్చి వెళ్తాడు. అది అందజేసే పద్ధతి మాత్రమే. మీరు కండిషన్ గడిలో పెట్టే ఓపెన్ బాక్స్‌కూ దానికీ సంబంధం లేదు. 'ఎలాగూ డెలివరీలో తెరుస్తారు కదా, ముందే తెరిచి ఉంటే ఏమైంది' అని వాదించే దుకాణదారులు ఉన్నారు. ఆ వాదన రిటర్న్ దగ్గర నిలవదు.

సీలు స్టిక్కర్లు, ఖాళీ బాక్సులు మార్కెట్లో దొరుకుతాయని మీకు నేను చెప్పక్కర్లేదు. తెరిచిన ఫోనుకు మళ్లీ సీలు వేయడం, ఎక్స్ఛేంజి ఫోనును వేరే బాక్సులో పెట్టి అమ్మడం, ఈ రెండింటి జోలికి ఎప్పుడూ పోకండి. ఎవరైనా *#06# కొట్టి వచ్చిన ఐఎంఈఐ నంబరును (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) బాక్సు మీది నంబరుతో పోల్చి చూస్తే అక్కడికక్కడే బయటపడుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47), సెకండ్ హ్యాండ్ వస్తువును, బాగుచేసిన వస్తువును, పాత వస్తువును కొత్తదని చూపించడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా పేరుపెట్టి మరీ చెబుతుంది. మోసం చేయాలన్న ఉద్దేశం మీకు లేదని నాకు తెలుసు. కానీ ఆ మాట రాసింది మీ దగ్గరున్నలాంటి సరుకు గురించే.

ఎక్స్ఛేంజి ఫోన్లకు వద్దాం. ఇవి 'యూజ్డ్', ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది, 'యూజ్డ్' అంటే వాడినది అనే కాకుండా పనిచేస్తున్నది అని కూడా సైటు లెక్క. మైకు పనిచేయని ఫోను, చార్జింగ్ వైరు ఒక పక్కకి వంచి పట్టుకుంటేనే ఎక్కే ఫోను, పాత యజమాని గూగుల్ ఖాతా లేదా ఐక్లౌడ్ లాక్ ఉండిపోయిన ఫోను, ఇవేవీ 'యూజ్డ్' కిందకి రావు. ఈబేలో వీటికి 'ఫర్ పార్ట్స్ ఆర్ నాట్ వర్కింగ్' అని చివరి మెట్టు ఉంది. అలాంటి మెట్టు లేని సైటులో వీటిని పెట్టకపోవడమే మేలు, మీ ఊళ్లో రిపేరు చేసేవాళ్లకు పార్టుల కింద ఇచ్చేయండి. బావమరిది సలహాలో నాకు భయంగా తోచింది ఇదే. అన్నీ 'యూజ్డ్'లో వేసేయడం మొదలుపెడితే, రేపు పనిచేయని ఫోను కూడా అదే అలవాటులో అందులోకి జారిపోతుంది. సీలున్న ఫోనును 'యూజ్డ్' అని పెట్టినా చిక్కే. కొత్తది వెతికేవాళ్ల కంట అది పడదు, వాడినది వెతికేవాళ్లు సీలు చూసి ఇదేదో దొంగ సరుకేమో అనుకుంటారు.

ఎక్స్ఛేంజి తీసుకునేటప్పుడే ఐఎంఈఐ తనిఖీ చేయండి. ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ నంబరు కొట్టి 14422కు మెసేజ్ పంపితే ఆ నంబరు సంగతి చెబుతుంది. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లోనూ చూసుకోవచ్చు. బ్లాక్‌లిస్టులో ఉన్నట్టు, డూప్లికేట్ అని, ఇప్పటికే వేరేచోట వాడుకలో ఉన్నట్టు వస్తే ఆ ఫోను కౌంటరు దాటి లోపలికి రాకూడదు. అలాంటి ఫోనుకు ఏ కండిషనూ సరిపోదు.

ఇక మీరే డిస్‌ప్లే, బ్యాటరీ మార్చిన ఫోన్లు. వీటికి 'రిఫర్బిష్డ్' నొక్కాలని ఎవరికైనా అనిపిస్తుంది. తొందరపడకండి. పెద్ద సైట్లలో ఆ గడి అందరికీ తెరిచి ఉండదు. ఈబేలో 'సర్టిఫైడ్ రిఫర్బిష్డ్', దాని కింద 'ఎక్సలెంట్', 'వెరీ గుడ్', 'గుడ్' రిఫర్బిష్డ్ మెట్లున్నాయి. ముందుగా అనుమతి తెచ్చుకున్న అమ్మకందారులే వాటిని వాడగలరు, వారంటీ కూడా ఇవ్వాలి. మన అమెజాన్‌లో రెన్యూడ్ అనే విభాగానిదీ అదే పద్ధతి, అక్కడ కనీసం ఆరు నెలల వారంటీ ఉంటుంది. అంటే 'రిఫర్బిష్డ్' అన్న మాట వెనక మూడు సంగతులు ఉన్నాయి. పద్ధతి ప్రకారం పరీక్షించడం, చెడినవి మార్చడం, ఆ తర్వాత చెడితే మాది పూచీ అని ఒప్పుకోవడం. మీరు ఒక డిస్‌ప్లే కాంబో (టచ్ గ్లాసుతో కలిపి వచ్చే డిస్‌ప్లే) మార్చి, తుడిచి, పౌచ్ వేసి పెట్టిన ఫోను మంచి ఫోనే కావచ్చు. మూడోది మీరు ఇవ్వలేనప్పుడు మాత్రం అది 'యూజ్డ్' కిందే ఉండాలి, మార్చిన పార్టుల పేర్లతో సహా.

ఈ రకం ఫోన్లకు 'లైక్ న్యూ' ఎప్పుడూ పెట్టవద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. కొత్త డిస్‌ప్లే వేసిన ఫోను షాపులో అన్నిటికంటే ఎక్కువ మెరుస్తుంది. చూపును నమ్మి కండిషన్ పెట్టేవాళ్లు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు. వేసిన కాంబో కంపెనీదా, కాపీదా అన్నది మీకు తెలుసు, కొనేవాళ్లకు తెలియదు. కొత్త ఐఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి జనరల్, అబౌట్ నొక్కితే ఏ పార్టు మార్చారో, అది కంపెనీదో కాదో ఫోనే చెప్పేస్తుంది. మిగతా ఫోన్లలో చెప్పకపోయినా రంగు తేడా, టచ్ తేడా వారంలో తెలిసిపోతాయి. ఒకసారి విప్పిన ఫోనుకు నీళ్లు చొరబడకుండా ఉండే ఫ్యాక్టరీ బిగింపు అలాగే ఉందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి కంపెనీ వివరాల్లో వాటర్‌ప్రూఫ్ అని ఉన్నా, బాగుచేసిన ఫోను లిస్టింగులోంచి ఆ మాట తీసేయండి. దీన్ని చాలామంది పట్టించుకోరు. వానలో తడిసి ఫోను పోయినప్పుడు మాత్రం కొన్నవాళ్లు ఆ లిస్టింగునే బయటికి తీస్తారు.

చరిత్ర తేలాక రూపం సంగతి. 'గుడ్' అన్నది మెట్ల వరసలో పైది అనుకుంటారు చాలామంది. సైట్లలో అది కిందికే ఉంటుంది. అమెజాన్‌లో పాత పుస్తకాలకు 'లైక్ న్యూ', 'వెరీ గుడ్', 'గుడ్', 'యాక్సెప్టబుల్' అని వరస. అందులో 'గుడ్' మూడోది, వాడకం కంటికి కనిపిస్తుందని అర్థం. ఒక సైటులో 'గుడ్' అయిన ఫోను ఇంకో సైటులో 'ఫెయిర్' కావచ్చు. ప్రతి సైటూ ఆ గడి పక్కనే తన నిర్వచనం ఇస్తుంది, దాన్ని ఒకసారి తీరిగ్గా చదివి, తెలుగులో ఒక కాగితం మీద రాసుకుని కౌంటరు దగ్గర అంటించుకోండి. రెండు మెట్ల మధ్య ఎటూ తేలకపోతే కింది మెట్టే ఎంచుకోండి. రేటులో కొంత తగ్గినా, రిటర్న్ వస్తే పోయే కొరియరు ఖర్చు కంటే అది తక్కువే ఉంటుంది.

చూడటానికి కూడా ఒక వరస పెట్టుకోండి. షాపులోని ట్యూబులైటు కింద కాదు, పగటిపూట తలుపు దగ్గర వెలుతురులో చూడాలి. ముందు పౌచ్ తీసేయండి, టెంపర్డ్ గ్లాసు కూడా పీకేయండి. గీతలన్నీ దాని కిందే దాక్కుంటాయి. పొడిగుడ్డతో తుడిచి, స్క్రీను ఆపేసి, ఫోనును ఏటవాలుగా తిప్పుతూ చూస్తే వెంట్రుకంత గీత కూడా కనిపిస్తుంది. తర్వాత బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి తెల్లటి బొమ్మ పెట్టండి. మూలల్లో షేడ్ ఉందా, కీబోర్డు మచ్చలా అచ్చుపడి ఉందా, ఎక్కడైనా గ్రీన్ లైను మొదలైందా చూడండి. చాలా శాంసంగ్ ఫోన్లలో *#0*# కొడితే రంగులు, టచ్, స్పీకరు వరసగా పరీక్షించుకునే తెర వస్తుంది. సిమ్ ట్రే బయటికి లాగి, ఆ సందులోకి టార్చి వేసి చూడండి. ఐఫోన్లలో, చాలా శాంసంగ్ ఫోన్లలో అక్కడ తేమ తగిలితే రంగు మారే చిన్న గుర్తు ఉంటుంది. అది ఎర్రబడితే ఫోను లోపలికి తడి చేరిందనే లెక్క, ఇప్పుడు ఎంత బాగా పనిచేస్తున్నా సరే రాయాల్సిందే. వెనక మూత అంచు వెంబడి గోరు నడిపితే, విప్పి అతికించిన చోట సందు తగులుతుంది. రెండు సిమ్ములూ వేసి కాల్ చేయండి, చెవి దగ్గర పెడితే స్క్రీను ఆరిపోతోందా చూడండి, వాయిస్ రికార్డు చేసి వినండి.

బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతం మిగిలిందో దాచవద్దు. ఐఫోను 14 వరకు ఉన్న మోడళ్లలో 500 పూర్తి చార్జింగుల తర్వాత బ్యాటరీ 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారుచేశామని కంపెనీయే చెబుతుంది, 15 నుంచి అది 1,000 చార్జింగులు. కాబట్టి మూడేళ్లు వాడిన ఫోను 83 శాతం చూపిస్తే అది లోపం కాదు, సహజం. చెప్పకుండా అమ్మితేనే లోపం అవుతుంది.

వివరణ రాయడంలో మన దగ్గర ఒక అలవాటుంది. 'సూపర్ కండిషన్, నీట్ ఫోన్, అర్జెంట్ సేల్' అని మూడు ముక్కలు రాసి వదిలేస్తారు. ఇందులో కొనేవాడికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. ఇలా రాసి చూడండి:

'యూజ్డ్. 2023 మార్చిలో కొన్నది, ఒక్కరే వాడారు, బిల్లు ఉంది, వారంటీ అయిపోయింది. డిస్‌ప్లే మా షాపులో మార్చాం, కంపెనీది కాదు. బ్యాటరీ పాతదే, ఉదయం చార్జింగ్ పెడితే సాయంత్రం దాకా వస్తుంది. కింది ఎడమ మూలలో బియ్యపు గింజంత సొట్ట ఉంది, మూడో ఫొటో చూడండి. వెనక కెమెరా అద్దం మీద సన్నటి గీత ఉంది, ఫొటోల్లో తెలియదు. రెండు సిమ్ములు, వేలిముద్ర, స్పీకరు, మైకు పరీక్షించాం, పనిచేస్తున్నాయి. చార్జరు వేరే కంపెనీది. బాక్సు లేదు.'

ఇది చదివి కొన్నవాడు రిటర్న్ పెట్టడానికి కారణం వెతుక్కోవాల్సి వస్తుంది. సొట్ట గురించి చదివి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు, ఉండనివ్వండి. వాళ్లు కొన్నా రిటర్న్ పెట్టేవాళ్లే. ఫొటోలు మాత్రం ఆ ఫోనువే పెట్టాలి, కంపెనీ బొమ్మలు వాడిన సరుకుకు పెట్టకూడదు. ఐఎంఈఐ కనిపించే ఫొటో పెట్టాల్సివస్తే చివరి అంకెలు కప్పేయండి. ప్యాకింగ్ చేసేటప్పుడు ఐఎంఈఐ, సొట్ట, సీలు వేయడం అన్నీ వచ్చేలా ఒకే వీడియో తీసి ఉంచుకోండి. వేరే ఫోను పెట్టి రిటర్న్ పంపేవాళ్లు కూడా ఉన్నారు, అప్పుడు మిమ్మల్ని కాపాడేది ఆ వీడియోనే.

'పాత సరుకు రిటర్న్ తీసుకోబడదు' అని రాసేస్తే గొడవ వదిలిపోతుందని కొందరి నమ్మకం. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, వస్తువులో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా మార్కెట్‌ప్లేసు అమ్మకందారు దాన్ని వెనక్కి తీసుకోనని అనకూడదు. కొన్నవాళ్లు 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయగలరు కూడా. ఉన్నది ఉన్నట్టు రాసిన లిస్టింగే మీకు రక్ష.

మీరు అడగలేదు గానీ, బిల్లు సంగతి చెప్పకుండా ఉండలేను. సెకండ్ హ్యాండ్ వస్తువుల వ్యాపారికి సీజీఎస్టీ నిబంధనల్లోని రూల్ 32(5) కింద ఒక వెసులుబాటు ఉంది. ఎక్స్ఛేంజిలో 6,000కు తీసుకున్న ఫోను 8,000కు అమ్మితే, మధ్యనున్న 2,000 మీదే పన్ను కట్టవచ్చు. కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నును తర్వాత కట్టే పన్నులో తగ్గించుకోవడం) తీసుకుని ఉండకూడదు, వస్తువు స్వభావం మారిపోయేంత పని దాని మీద చేసి ఉండకూడదు. ఇప్పుడు చూడండి, లిస్టింగులో 'న్యూ' అని ఉండి, బిల్లు సెకండ్ హ్యాండ్ పద్ధతిలో ఉంటే మీ కాగితాలే మీకు ఎదురు తిరుగుతాయి. అలాగే బాక్సు తెరిచి వెనక్కి వచ్చిన ఫోను మీద మీరు మొదట్లోనే క్రెడిట్ తీసుకుని ఉంటారు కాబట్టి, దాన్ని 'ఓపెన్ బాక్స్' అని అమ్మినా పన్ను పూర్తి ధర మీదే. నాలుగు రకాల సరుకు జాబితా పట్టుకుని మీ అకౌంటెంటు దగ్గర ఒకసారి కూర్చోండి.

ఎక్సెల్ ఫైలుతో ఒకేసారి చాలా ఫోన్లు ఎక్కించే పనయితే కండిషన్ కాలమ్ మీద కన్నేసి ఉంచండి. ఈబే ఫైళ్లలో కండిషన్ అంకెల్లో ఉంటుంది: 1000 అంటే 'న్యూ', 1500 'ఓపెన్ బాక్స్', 3000 'యూజ్డ్', 7000 పనిచేయనివి. మొదటి వరసలో 1000 కొట్టి కిందిదాకా లాగేస్తే, ఎక్స్ఛేంజి ఫోన్లన్నీ ఒక్క క్షణంలో కొత్తవైపోతాయి. సొంత వెబ్‌సైటు పెట్టి గూగుల్‌లో చూపించాలనుకుంటే, అక్కడ 'న్యూ', 'రిఫర్బిష్డ్', 'యూజ్డ్' అని మూడే ఉన్నాయి. ఏమీ రాయకుండా వదిలేసిన వస్తువు కొత్తదనే లెక్కలోకి వెళ్తుంది. అమెజాన్‌లో ఒకసారి పెట్టిన లిస్టింగుకు కండిషన్ మార్చడం కుదరదు. దాన్ని తీసేసి, వేరే ఎస్‌కేయూతో (సరుకును గుర్తుపట్టడానికి అమ్మేవాళ్లు ఇచ్చుకునే కోడ్) కొత్తగా పెట్టుకోవాలి. అందుకని ఒక్కో రకం సరుకుకు ఎస్‌కేయూ మొదట్లోనే వేరే గుర్తు ఇచ్చుకుంటే మీకూ, మీ అబ్బాయికీ తికమక ఉండదు.

వార్నింగ్ గురించి అంత టెన్షన్ పడకండి. అయితే జవాబు ఇవ్వకుండా మాత్రం వదిలేయవద్దు. జవాబు రాసే ముందే, ఇప్పుడు లైవ్‌లో ఉన్న లిస్టింగులన్నీ తెరిచి, తెరిచిన బాక్సులు ఎక్కడెక్కడ 'న్యూ'లో ఉన్నాయో చూసి అన్నీ ఆపేయండి. ఆ తర్వాత రాసే జవాబులో 'మా తప్పేమీ లేదు, కస్టమరే' అని వాదనకు దిగకుండా మూడు విషయాలు చెప్పండి. బాక్సు తెరిచిన ఫోను పొరపాటున 'న్యూ'గా పెట్టాం, అలాంటి లిస్టింగులు ఇన్ని తీసేశాం, ఇకమీదట బాక్సు తెరిచినవి ఈ కండిషన్‌లోనే పెడతాం. తీసేసిన లిస్టింగుల నంబర్లు కూడా ఇవ్వండి.

చివరిగా ఆ ఇద్దరు కస్టమర్లు. వాళ్లు ఏమీ అనలేదు కాబట్టి అయిపోయిందనుకోకండి. ఎనిమిది తొమ్మిది నెలలకు ఫోనుకేదో వచ్చి సర్వీస్ సెంటరుకు వెళ్తే, యాక్టివేషన్ తేదీ బిల్లు తేదీ కంటే ముందుందని అక్కడ చెబుతారు. ఆ మాట వాళ్లు మీ నోటి నుంచే ముందుగా వినాలి. సైటులోని మెసేజ్ ద్వారానే రాయండి, బయట నంబర్లు వెతికి ఫోను చేయవద్దు. 'మీరు మా దగ్గర కొన్న ఫోను బాక్సు అంతకు ముందే ఒకసారి తెరిచినది. దాన్ని కొత్తదిగా చూపించడం మా పొరపాటు. ఉంచుకుంటానంటే తేడా డబ్బు ఇస్తాం, వద్దంటే మా ఖర్చుతో వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇస్తాం' అని రాస్తే చాలు. అదే మోడలు కొత్తది ఎంతకు పోతోందో, ఓపెన్ బాక్స్ ఎంతకు పోతోందో చూడండి. తేడా డబ్బు అంటే ఆ రెండు ధరల మధ్యదే. ఆ డబ్బు కూడా సైటులో పాక్షిక రీఫండ్ సదుపాయం ఉంటే దాని ద్వారానే పంపండి, లెక్క ఉంటుంది. ఇద్దరిలో ఎవరైనా ఫోను వెనక్కి పంపితే, దాన్ని మళ్లీ 'ఓపెన్ బాక్స్'లో పెట్టకండి. ఇన్నాళ్లు వాళ్ల చేతిలో వాడకంలో ఉంది కాబట్టి, ఇప్పుడది పూర్తిగా 'యూజ్డ్'.